శ్రుతి పెట్టెలో తిరగబడ్డ బోర్డు

మా ఇంట్లో చింతపండు మూడు పనులకు వాడతాం. పులుసుకు, పూజసామాను తోమడానికి, సర్క్యూట్ బోర్డులకు. మూడోది విన్నవాళ్ళు నవ్వుతారు. నవ్వితే నాకేం నష్టం లేదు. రాగిరేకు అతికించిన బోర్డు ముక్కను అప్పుడే ప్యాకెట్ విప్పి తీసినా, దాని మీద కంటికి ఆనని చిలుము ఉంటుంది, ఎవరివో వేలిముద్రల జిడ్డు ఉంటుంది. అవి వదలకపోతే ఆ పైన దింపిన గీత ఏదీ నిలవదు. దీనికి ఇంటర్నెట్‌లో అనుభవజ్ఞులు రకరకాల మందులు చెబుతారు. నేను మాత్రం మా అమ్మ రాగిచెంబు తోమిన పద్ధతే పట్టుకున్నాను. నానబెట్టిన చింతపండు పిప్పి, చిటికెడు ఉప్పు. రెండు నిమిషాలు రుద్దితే రేకు లేత గులాబీ రంగుకు వస్తుంది. తర్వాత గిన్నెల సబ్బుతో కడిగి, అంచులు మాత్రమే పట్టుకుని, హీటర్ గాలి వచ్చే చోట ఆరబెడతాను. మిషిగన్‌లో ఎండను నమ్ముకుని ఏ పనీ పెట్టుకోకూడదు.

నేను చెప్పబోయే చలికాలానికి మేం ఇక్కడి నోవై ఊరికి వచ్చి ఐదేళ్ళు. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో మూడేళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చాను. అప్పటికి నాకు ఉద్యోగం చేసే పర్మిట్ లేదు. ఈ సంగతి మాకు తెలిసినవాళ్ళందరికీ తెలుసు. అయినా ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఒకటే ప్రశ్న. "ఇంట్లో ఖాళీయేగా, బోర్ కొట్టదా?" అడిగేవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. అయినా నాకు ఒళ్ళు మండేది. మొదటి ఏడాది నవ్వి ఊరుకున్నాను. రెండో ఏడాది సోల్డరింగ్ ఐరన్ కొన్నాను. మూడో ఏడాదికి "లేదండీ, బోర్డులు చేసుకుంటున్నాను" అని జవాబు చెప్పడం మొదలుపెట్టాను. చాలామంది అవేవో పెయింటింగులు అనుకున్నారు. నేను సరిదిద్దలేదు.

ఏ రేడియో విప్పినా, ఏ రిమోట్ విప్పినా లోపల పచ్చటి పలక ఒకటి కనిపిస్తుంది కదా, దాని మీద సన్నటి గీతలుంటాయి. అవి రాగి గీతలు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కరెంటు వాటి మీదే నడుస్తుంది. ఫ్యాక్టరీలో జరిగే ఆ పని ఇంట్లో చేయాలంటే ముందు ఆ గీతల బొమ్మను లేజర్ ప్రింటర్‌తో నున్నటి కాగితం మీద తీయాలి. కాగితాన్ని రాగి మీద బోర్లించి ఇస్త్రీ పెట్టెతో అదిమితే, కాగితం మీది నల్లపొడి కరిగి రాగికి అంటుకుంటుంది. నీళ్ళలో నానబెట్టి కాగితాన్ని వేలితో ఒలిచేస్తే నల్లగీతలు మిగులుతాయి. అప్పుడా పలకను ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావకంలో వేస్తే, నలుపు కప్పని చోటల్లా రాగిని అది తినేస్తుంది. నలుపు కింద ఉన్న రాగి మాత్రం గీతలై బతుకుతుంది. చివర్లో సన్నటి డ్రిల్లుతో రంధ్రాలు వేసి, భాగాల కాళ్ళు వాటిలో దూర్చి సోల్డర్ చేయాలి, అంటే వేడి ఐరన్‌తో తగరం కరిగించి అతకాలి.

నున్నటి కాగితం కోసం నేను ఎప్పుడూ వెతుక్కోలేదు. మా పోస్టుబాక్సులో వారం వారం ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటు ఫ్లయర్ పడేది. మంచి మెరుపు కాగితం, నిండా ఆయన నవ్వు. ఆయన పళ్ళ మీద నా గీతలు ప్రింట్ చేసి ఇస్త్రీ చేసేదాన్ని. మా ఆయన మొదట్లో చూసి, "పాపం, ఏ ఇల్లూ కొనకుండానే ఆయన్ని ఇలా కాల్చేస్తున్నావు" అనేవాడు. తన తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె నల్లగా ముద్ర వేసిన రోజున మాత్రం ఆ నవ్వు ఆగింది. ఆ సాయంత్రమే ఇంట్లోకి రెండో ఇస్త్రీ పెట్టె వచ్చింది. ద్రావకం సంగతి వేరే. అది చూడ్డానికి చిక్కటి కాఫీ డికాషన్‌లా ఉంటుంది, బట్ట మీద పడితే ఇక ఆ బట్ట మీద ఆశ వదులుకోవడమే. దాని డబ్బా గరాజ్‌లోనే ఉంచి, మూత మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ విషం అని రాసి, పుర్రెబొమ్మ కూడా వేశాను. పాతబడిన ద్రావకాన్ని సింకులో పోయకుండా వేరే క్యాన్‌లో దాచి, మా జిల్లా లాంటి కౌంటీ ఆఫీసువాళ్ళు ఇలాంటివి తీసుకునే రోజున అప్పగించి వచ్చేదాన్ని.

ఇలా ఏం చేశావు అని అడిగితే చెప్పుకోదగ్గవి తక్కువే. గరాజ్ తలుపు తెరిచి ఉందో లేదో వంటింట్లో చూపించే చిన్న లైటు, దోసెపిండి గిన్నెకు వెచ్చదనం చూసే పెట్టె, మొక్కలకు నీళ్ళు కావాలంటే కూసే బొమ్మ. ఏదీ లేకపోయినా ఇల్లు గడిచేదే. కానీ పొద్దున్నే ఒక ఖాళీ రేకుతో మొదలుపెట్టి, మధ్యాహ్నానికి దాని మీద దీపం వెలిగితే, ఆ రోజంతా నాకు కడుపు నిండినట్టుండేది. అది అబద్ధం కాదు, తిండి కూడా మర్చిపోయేదాన్ని.

మా టౌన్‌హోమ్ వరసలో నాలుగో ఇంట్లో ఒక ఆంటీ ఉండేవారు. వరంగల్‌లో చాలా ఏళ్ళు సంగీతం చెప్పి, ఆ తర్వాత కూతురి దగ్గరికి వచ్చేశారు. ప్రతి శనివారం పది గంటలకు చుట్టుపక్కల పిల్లలు ఏడెనిమిది మంది ఆవిడ హాల్లో కూర్చుని సరళీ స్వరాలు పాడేవారు. వాళ్ళ వెనక వరసలో, గోడకు ఆనుకుని, నేను. క్లాసులో పెద్దదాన్నీ నేనే, అధ్వాన్నంగా పాడేదాన్నీ నేనే. నాకు శ్రుతిజ్ఞానం బొత్తిగా లేదు. సా పట్టమంటే సా తప్ప దాని చుట్టుపక్కలవన్నీ పట్టేదాన్ని. పిల్లలు ముసిముసిగా నవ్వేవారు, ఆంటీ మాత్రం నవ్వేవారు కాదు. "మళ్ళ పట్టు బిడ్డా" అనేవారు, అంతే. నోవైలో నన్ను ఏ ప్రశ్నా అడగకుండా కూర్చోమన్న ఇల్లు అదొక్కటే. అందుకే మంచు పడినా మానకుండా వెళ్ళేదాన్ని.

ఆవిడకు ఒక శ్రుతి పెట్టె ఉండేది. తంబురా బదులు స్విచ్ వేస్తే ఆధార శ్రుతి పలికే పాతకాలం ఎలక్ట్రానిక్ పెట్టె, వరంగల్ నుంచి ఆవిడతోనే వచ్చింది. శ్రుతి పెంచడానికీ తగ్గించడానికీ ఒక గుండ్రటి నాబ్. దాని చుట్టూ అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఐదున్నర దగ్గర ఆంటీ ఎర్రటి నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టుకున్నారు. పాతికేళ్ళుగా ఆవిడ గొంతు ఐదున్నర శ్రుతిది. పెట్టె తెరవగానే చేయి దానంతటదే నాబ్‌ను ఆ చుక్క దగ్గరికి తిప్పేది.

ఆ జనవరిలో ఒక ఆదివారం ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది. మామూలుగా ఆవిడ ఫోన్ చేయరు.

"పెట్టె పలుకుతలేదు బిడ్డా. నువ్వేదో బోర్డులు చేస్తవంట గద. జర వచ్చి చూస్తవా?"

నా జీవితంలో అమెరికా వచ్చాక నన్ను ఒక ఇంజనీరుగా ఎవరైనా పిలవడం అదే మొదటిసారి. స్క్రూడ్రైవర్ల సంచి పట్టుకుని, బూట్ల లేసులు కూడా సరిగ్గా కట్టుకోకుండా వెళ్ళాను.

డైనింగ్ టేబుల్ మీద దినపత్రిక పరిచి పెట్టె విప్పాను. విప్పగానే సంగతి తెలిసిపోయింది. పెట్టె గోడ ప్లగ్గులో గుచ్చినా పలుకుతుంది, బ్యాటరీలతోనూ పలుకుతుంది. ఆంటీ అంతకు ముందు ఎండాకాలం ఇండియా వెళ్ళి నాలుగు నెలలు ఉండి వచ్చారు. వెళ్ళేటప్పుడు బ్యాటరీలు తీయడం మర్చిపోయారు. అవి లోపలే కారి, కారినది బోర్డు మీదికి పాకి, నెలల తరబడి మెల్లగా గీతలను తింటూ వచ్చింది. సగం బోర్డు పచ్చటి చిలుము పట్టి ఉంది. వేలితో తాకితే ఒక గీత పొట్టులా రాలిపోయింది. భాగాలు చాలావరకు బాగానే ఉన్నాయి. శ్రుతి పుట్టించే చిప్ కూడా ఆ వైపుకు దూరంగా, శుభ్రంగా ఉంది. కానీ ఆ చిప్ తయారు చేయడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. అది పోతే ఇంకోటి దొరకదు.

"ఫోన్‌లో శ్రుతి యాప్స్ ఉన్నాయి ఆంటీ. బాగుంటాయి కూడా," అన్నాను. అది చెప్పడం నా ధర్మం అనుకున్నాను.

"నాకెరుకే. పెట్టి చూసిన. సా అనంగనే బ్యాంకోడు కాల్ చేసిండు." ఆవిడ నవ్వారు. తర్వాత నవ్వు ఆపేశారు. "ఇంకో మాట గూడ చెప్త విను. నా గొంతు మునుపటి లెక్క లేదు. పై షడ్జం రెండేండ్ల సంది తాకుతలేదు. పోరగాండ్లకు తెల్వది గని నాకు తెలుస్తది గద. శనివారం దాకా చూస్త. ఇది పలికితే పాఠం చెప్త. పలకకుంటే, దేవుడే చాలన్నడనుకొని క్లాసు బంద్ చేస్త."

అలా ఆవిడ తన నిర్ణయాన్ని ఆ పెట్టె మీద పెట్టేశారు, పెట్టెను తెచ్చి నా చేతిలో పెట్టారు. బయటికి వచ్చాక పెట్టెను కోటు లోపలికి దోపుకుని నడిచాను. ఇంతవరకు నేను చేసిన బోర్డులు పాడైతే నష్టపోయేది నా దోసెపిండి.

ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెబితే ఆయన ఫోన్ మీంచి తల ఎత్తకుండానే, "బోర్డులు చేసే కంపెనీ సైట్‌లో డ్రాయింగ్ అప్‌లోడ్ చేస్తే వాళ్ళే చేసి పంపిస్తారు. ఫ్యాక్టరీ ఫినిష్. పది రోజుల్లో ఇంటికొస్తుంది," అన్నాడు.

"శనివారానికి రాదుగా."

"వచ్చినా నువ్వు చేయించుకోవు."

నిజమే. నేను ఒప్పుకోలేదు, అంతే.

సోమవారం పాత బోర్డు మీంచి భాగాలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, ఏది ఎక్కడిదో రాసుకుని, గుడ్ల అట్టలో ఒక్కో గుంటలో ఒక్కోటి పెట్టాను. చిప్‌ను మాత్రం వేరే డబ్బాలో దాచాను. బోర్డు వెనక్కి తిప్పి, రాగిగీతలున్న వైపు ఫోటో తీశాను. ఆ ఫోటో మీద మంగళవారమంతా కంప్యూటర్‌లో గీతల మీద గీతలు గీశాను. చిలుము తినేసిన చోట్ల ఏ గీత ఎటు పోయిందో కరెంటు దారి చూపే మీటర్ పెట్టి, ఊహించి, మళ్ళీ చూసి నింపాను. బుధవారం చింతపండు నానబెట్టాను. ఆ సైజు బోర్డు ముక్క నా దగ్గర ఒక్కటే మిగిలింది. ఇంకో రెండు ముక్కలు ఆర్డర్ చేస్తే మంచు తుఫాను వల్ల సోమవారం వస్తాయని మెసేజ్ వచ్చింది. ఒక్కటి చాల్లే అనుకున్నాను.

ఏజెంటు నవ్వు మీద గీతలు నల్లగా, ఎక్కడా తెగకుండా పడ్డాయి. ఇస్త్రీ కూడా అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. గరాజ్‌లో చలికి ద్రావకం బద్ధకిస్తుంది కాబట్టి, వేడినీళ్ళ టబ్బులో దాని ట్రేను పెట్టి, గ్లవ్స్ వేసుకుని, అటూ ఇటూ ఊపుతూ నిలబడ్డాను. ఊపడంలో కూడా ఒక సుఖం ఉంది. ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత అంచుల దగ్గర రాగి పల్చబడుతుంది, చూస్తుండగానే వెనక పలక కనబడుతుంది. కూనిరాగం కూడా తీశాను. శ్రుతిలో ఉండి ఉండదు. గురువారం మధ్యాహ్నానికి రంధ్రాలన్నీ వేసేశాను. నేను చేసిన బోర్డులన్నింటిలో అందమైనది అదే.

డబ్బాలోంచి చిప్ తీసి, దాని పదహారు కాళ్ళను రంధ్రాల మీద ఆనించి చూశాను. ఒకటో కాలు రావలసిన చోట పదహారో కాలు వచ్చింది. చిప్‌ను తిప్పి చూశాను. ఇంకో రకంగా తప్పొచ్చింది. బోర్డు తిప్పాను, నేను కుర్చీలో తిరిగాను. నిమిషం పాటు తెలియనట్టు నటించాను గానీ, మొదటి చూపులోనే తెలిసిపోయింది. బోర్డు మొత్తం అద్దంలో బొమ్మలా కుడిఎడమలు మారి వచ్చింది.

తప్పు ఎక్కడ జరిగిందో ప్రింటర్ మీదే అతికించి ఉంది. నా బోర్డులు నేను గీసుకునేటప్పుడు భాగాలున్న వైపు నుంచి చూస్తూ గీస్తాను. కాగితాన్ని రాగి మీద బోర్లించగానే బొమ్మ దానంతటదే తిరగబడి సరిపోతుంది. కాబట్టి ప్రింట్ చేసేటప్పుడు అద్దంలోలా తిప్పాలా అని కంప్యూటర్ అడిగితే వద్దనాలి. కొత్తలో రెండుసార్లు పొరపాటు చేసి, బుద్ధి వచ్చి, పసుపుపచ్చ చీటీ మీద 'అద్దం గుర్తు ముట్టుకోకు' అని రాసి ప్రింటర్‌కు అంటించుకున్నాను. మూడేళ్ళుగా ముట్టుకోలేదు. ఈసారి నేను గీసింది రాగి వైపు తీసిన ఫోటో మీద. ఈ ఒక్కసారి ముట్టుకోవాలి. ఏమీ తెలియని మనిషైతే ఆగి ఆలోచించేది. నేను నా చేతిరాత చదువుకుని ధీమాగా ముందుకెళ్ళాను.

ఆ సాయంత్రం నేను మా ఆయనతో మాట్లాడలేదు. ఆయన చేసిన తప్పేమీ లేదు, అందుకే ఇంకా కోపం వచ్చింది. విషయం కనిపెట్టి ఆయన బోర్డు చేతిలోకి తీసుకుని, హాల్లో అద్దం ముందు పట్టుకుని, "ఇందులో కరెక్ట్‌గానే ఉంది," అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. నేను లేచి వెళ్ళి గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ఆంటీకి ఫోన్ చేసి సోమవారం దాకా ఆగమని అడగవచ్చు. కానీ ఆవిడ గొంతులో ఆ మాట నేను విన్నాను. ఆపేయడానికి ఒక సాకు కోసం ఎదురుచూస్తున్న గొంతు అది. ఆ సాకు నేనే అందించడం నాకు ఇష్టం లేదు.

శుక్రవారం పొద్దున మా ఆయన ఆఫీస్‌కి ఆలస్యమై, మంచు ఊడ్చి కారు తీసే హడావిడిలో స్వెటర్ తిరగేసి తొడుక్కున్నాడు. కుట్లన్నీ బయటికే ఉన్నాయి. మెడ వెనక ఉండాల్సిన లేబుల్ కూడా బయటికి వేలాడుతోంది.

"తిరగేసి వేసుకున్నావ్," అన్నాను. నిన్నటి నుంచి నేనన్న మొదటి మాట అది.

"చలి ఆగుతోందిగా. పైన కోటుంది, ఎవడు చూస్తాడు?" అని వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. తిరగేసి వేసుకున్నా స్వెటర్ స్వెటరే. చేతులు చేతుల్లోకే వెళ్ళాయి, మెడ మెడలోకే వచ్చింది. కుట్లు లోపలికి ఉండాల్సింది బయటికి వచ్చాయి, అంతే తేడా. నా బోర్డులో గీతలన్నీ సరైనవే. భాగాలను మామూలుగా రాగి లేని వైపు నుంచి దూర్చి, రాగి వైపు సోల్డర్ చేస్తాం. ఇప్పుడు వాటిని రాగి వైపు నుంచే దూరిస్తే కుడిఎడమలు మళ్ళీ సర్దుకుంటాయి. ఒకటో కాలు ఒకటో చోటికే వస్తుంది. పెట్టెలో స్క్రూల రంధ్రాలు కూడా అన్నీ కలుస్తాయి. పరుగెత్తుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి చిప్ ఆనించి చూశాను. పదహారు కాళ్ళూ కూర్చున్నాయి. గట్టిగా అరిచాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

చిక్కు ఒకటుంది. భాగాలూ సోల్డరూ ఒకే వైపు వస్తే, సోల్డర్ చేయాల్సిన చోటు భాగం కిందే దాక్కుంటుంది. అందుకని ఒక్కో భాగాన్ని బోర్డు నుంచి కాస్త ఎత్తి నిలబెట్టి, కింది సందులోంచి ఐరన్ మొన దూర్చాలి. చిప్‌కు మామూలుగా ముందు ఒక సాకెట్ అతికి, చివర్లో చిప్‌ను అందులో గుచ్చుతాం. చిప్‌కు వేడి తగలదు. ఇక్కడ సాకెట్ కిందికి ఐరన్ మొన దూరదు, కాబట్టి అది పనికిరాదు. ఇంకెక్కడా దొరకని ఆ చిప్‌నే నేరుగా వేడి చేయాలి. ఎక్కువసేపు కాలితే అది పోతుంది, దానితో పాటు ఆంటీ క్లాసు పోతుంది.

ఒక కాలు అంటించడం, ఐరన్ తీసేయడం, ఊదడం, చిప్ వీపు మీద వేలు పెట్టి చూడడం. చల్లబడ్డాక ఇంకో కాలు, అది కూడా పక్కది కాదు, అటు చివరది. పదహారు కాళ్ళకు గంటన్నర పట్టింది. మధ్యలో ఫోన్ మోగితే తీయలేదు. మిగతావన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. స్విచ్ వేశాను. ఏమీ పలకలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. తర్వాత మీటర్ తీసుకుని ఒక్కో గీతా వెతుక్కుంటూ వెళితే, చిప్ కింద ఒక కాలు సోల్డర్ తాకినట్టు కనిపిస్తోందే గానీ తాకలేదు. దాన్ని అంటించి మళ్ళీ స్విచ్ వేశాను.

సా అని పలికింది. అది సానేనని నేను ప్రమాణం చేయలేను గానీ, పలికింది. నేను ఏడ్చాను. ఇందులో దాచుకోవడానికేమీ లేదు.

ఒక్క పని మిగిలింది. శ్రుతి మొత్తాన్ని సరైన మట్టానికి తేవడానికి లోపల ప్రీసెట్ అని ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. పెట్టె వెనక కన్నంలోంచి సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని తిప్పాలి. పాత ప్రీసెట్‌ను చిలుము తినేసింది కాబట్టి కొత్తది వేసి, ముల్లు మధ్యలో ఉంచాను. ఇలాంటి పాత సర్క్యూట్లకు చలిలోంచి వెచ్చదనంలోకి వెళితే శ్రుతి కాస్త జరుగుతుంది. అందుకని పెట్టె ఎక్కడ ఉంటుందో అక్కడే, కాస్త వెచ్చబడ్డాక సరిచేద్దాం అనుకున్నాను. నా చెవిని నమ్మే పని లేదు. ఫోన్‌లో ట్యూనర్ ఉంది, ఎంత శ్రుతి పలుకుతోందో అది ముల్లుతో చూపిస్తుంది.

శనివారం పొద్దున తొమ్మిదికల్లా పెట్టెను టవల్‌లో చుట్టి, ఇండియన్ స్టోర్ సంచిలో పెట్టుకుని, మోకాలి లోతు మంచులో నాలుగిళ్ళు దాటాను. ఆంటీ తలస్నానం చేసి, కాఫీ తాగుతూ ఉన్నారు. పెట్టె చేతిలో పెడితే "అయిందా?" అని కూడా అడగలేదు. గోడ ప్లగ్గులో గుచ్చి, స్విచ్ వేసి, నాబ్ మీద వేలు పెట్టి తిప్పారు. అది ఎర్రచుక్క దగ్గర ఆగింది. పెట్టె పలికింది. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ చాలాసేపు కూర్చున్నారు. ఇంత సేపా అని నాకు భయం వేసింది.

"ఒక్క నిమిషం ఆంటీ, వెచ్చబడ్డాక కొంచెం సరిచేయాలి," అన్నాను. ఒక చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, ఒళ్ళో ఫోన్ ఉంది. ఆవిడ వినిపించుకోలేదు. పాడడం మొదలుపెట్టారు.

ఫోన్ వంక చూశాను. ముల్లు ఐదు దగ్గర నిలబడి ఉంది. ఐదున్నర కాదు, ఐదు. అర మెట్టు కిందికి. నేను ప్రీసెట్‌ను మధ్యలో వదిలేసిన ఫలితం అది. అర మెట్టు అంటే హార్మోనియంలో పక్క మెట్టు. ఆవిడలాంటి మనిషికి అది చిన్న తేడా కాదు. ఆవిడ ఆపగానే తిప్పేద్దామని స్క్రూడ్రైవర్ బిగించి పట్టుకున్నాను.

ఆవిడ ఆపలేదు. కింది నుంచి మెట్టు మెట్టుగా పైకి వెళుతున్నారు. రెండేళ్ళుగా ప్రతి శనివారం ఆవిడ పై సాకు ముందుండే నిషాదం దగ్గరికి రాగానే దారి మళ్ళించుకుని కిందికి దిగిపోయేవారు. పిల్లలకే కాదు, నాకూ అది తెలియలేదు. ఆదివారం ఆవిడ చెబితేనే తెలిసింది. ఈసారి నిషాదం దగ్గర ఒక్క క్షణం నిలబడ్డారు. తర్వాత పై షడ్జం అందుకున్నారు. అందుకుని వదల్లేదు. గొంతు పగల్లేదు, వణకలేదు. కాఫీ కప్పు పక్కన ఆవిడ చేయి ఒళ్ళో తెరుచుకుని ఉంది. నాలాంటి చెవికి కూడా అది నిండుగా వినిపించింది.

స్క్రూడ్రైవర్‌ను సంచిలో పెట్టేశాను. ఫోన్ బోర్లించాను.

పదింటికి పిల్లలు బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చారు. క్లాసు జరిగింది. ఆ తర్వాత వారం జరిగింది, ఆ పై వారం కూడా. బంద్ చేసే మాట మళ్ళీ రాలేదు. ఆంటీ ఉగాదికి గుడిలో పాడతానని ఒప్పుకున్నారని కూడా తెలిసింది. ఈ పెట్టెనే పక్కన పెట్టుకుని పాడారు. అందరూ గొంతు తిరిగొచ్చిందన్నారు. నేను వెనక కూర్చుని పులిహోరలో వేరుశనగ గింజలు ఏరుతూ ఉండిపోయాను. ఆవిడ ఐదున్నర అనుకుని ఐదులో పాడుతున్నారు. తెలిసింది నా ఒక్కదానికే. చెబితే ఆవిడ సంతోషం పోతుంది. చెప్పకపోతే, కొలత తప్పని తెలిసీ సరైనదని అప్పగించినదాన్ని అవుతాను. చదివిన చదువుకు, చేసిన పనికి నాకు మిగిలిన పరువు అదొక్కటే. దాన్ని కూడా ఆ మంచులో పారేసుకున్నానా అనిపించేది.

ఏప్రిల్‌లో మంచు కరిగింది. ఒక శనివారం పిల్లలు వెళ్ళిపోయాక నేను ఉండిపోయాను. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి టేబుల్ మీద పెట్టి, మొత్తం చెప్పేశాను. తిరగబడ్డ బోర్డు, ప్రీసెట్, ట్యూనర్ ముల్లు, అన్నీ. "చుక్క దగ్గర ఇప్పుడు పలికేది ఐదున్నర కాదు ఆంటీ, ఐదే. ఆ రోజే సరిచేయాల్సింది. తప్పు నాది. రెండు నిమిషాల పని, ఇప్పుడు చేసేస్తాను."

ఆంటీ నన్ను చూసిన చూపు క్లాసులో నేను సా తప్పినప్పుడు చూసేదే.

"నలభై ఏండ్లు పాడిన బిడ్డా. ఐదుకూ ఐదున్నరకూ తేడా నాకు తెల్వదనుకున్నవా? స్విచ్ ఏసినప్పుడే తెలిసింది."

నేను టేబుల్ మీది స్క్రూడ్రైవర్ వంక చూశాను.

"జర తగ్గుమని నా గొంతు రెండేండ్ల సంది చెప్తనే ఉంది. నేనే ఇనలే. ఆ చుక్క మీదికెళ్ళి కిందికి తిప్పుదామని ఎన్నిసార్లు చెయ్యి పెట్టిన్నో నీకేం ఎరుక. తిప్పబుద్ధి కాలే. తిప్పితే ముసలిదాన్నైపోయిన్నని నేనే ఒప్పుకున్నట్టు." ఆవిడ నాబ్ మీద వేలు పెట్టి, తిప్పకుండానే తీసేశారు. "ఇప్పుడు చుక్క చుక్క కాడనే ఉంది. శ్రుతే దిగొచ్చింది."

"నేను దించలేదు ఆంటీ. మధ్యలో వదిలేశానంతే."

"మంచిగ చేసినవ్."

ఆవిడ టేబుల్ మీది స్క్రూడ్రైవర్ తీసుకుని, అటూ ఇటూ చూసి, కిటికీ పక్కన ఉన్న పెన్నుల డబ్బాలో వేశారు. తర్వాత పెట్టె స్విచ్ వేసి, "ఊ, సా పట్టు," అన్నారు. పట్టాను. ఎప్పటిలాగే తప్పింది. "మళ్ళ పట్టు," అన్నారు.

ప్రింటర్ మీది పసుపుపచ్చ చీటీలో 'ముట్టుకోకు' కొట్టేసి 'ఆలోచించి ముట్టుకో' అని రాశాను. ఆ తర్వాత ఏడాదికి పర్మిట్ వచ్చింది. ఇప్పుడు కార్ల భాగాలు చేసే ఒక కంపెనీలో బోర్డులు టెస్ట్ చేస్తాను. మెషిన్ చేసిన బోర్డులు, వంక పెట్టడానికి వీల్లేకుండా ఉంటాయి. కొలత అర మెట్టు తప్పినా వెనక్కి పంపేస్తాను. శనివారాలు మాత్రం వెనక వరసలో నా గోడ దగ్గరే కూర్చుంటున్నాను. నా స్క్రూడ్రైవర్ ఇప్పటికీ ఆంటీ పెన్నుల డబ్బాలోనే ఉంది. నేను ఇంకోటి కొనుక్కున్నాను.